పక్కపక్కన పోరాదు

మా ఊరి సముద్రం ఒడ్డున సిమెంటు దోవ పడి ఏడేళ్ళయింది. నెల్లూరు నుంచి వచ్చేవాళ్ళు దాన్ని వాకింగ్ ట్రాక్ అంటారు. మేము కట్ట అంటాం. ఒక చివర ఐసు ఫ్యాక్టరీ, ఇంకో చివర సరుగుడు తోపు. వెడల్పు ఎనిమిది అడుగులు. నేను బట్టలు కుట్టేదాన్ని, టేపు పెట్టి కొలిచే చెబుతున్నాను. ఈ చివర నుంచి ఆ చివరకు పోయి రావడానికి నా నడకన నలభై నిమిషాలు పడుతుంది.

ఆరేళ్ళపాటు ఆ నలభై నిమిషాల కోసమే నేను పుస్తకాలు చదివాను.

మా పుట్టిల్లు వెంకటాచలం దగ్గర. వరి పండించే ఇల్లు. ఏడో తరగతి అయ్యాక మా నాన్న నా చదువు చాలన్నాడు. పెళ్ళయ్యాక మా ఆయనకు రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరు పని దొరికితే సముద్రం పక్కకు వచ్చాం. ప్రతి గురువారం లైనింగు గుడ్డకీ దారానికీ తోటపల్లి గూడూరు పోతాను. ఆ వంకతో గ్రంథాలయానికీ పోతాను. అక్కడి బీరువాలను కిటికీ వైపు నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వచ్చాను. ఇప్పుడు నాలుగో బీరువాలో ఉన్నాను. చరిత్ర, ఆరోగ్యం, ఓడలు, తేనెటీగలు, చంద్రుడు, ఏది తర్వాత ఉంటే అదే చదివాను, నచ్చలేదని ఒక్కటీ వదల్లేదు. మా ఊళ్ళో డిగ్రీ చదివినవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. ఆటుపోట్లు రోజూ ఒకే వేళకు ఎందుకు రావో వాళ్ళలో ఒక్కరూ చెప్పలేకపోయారు. నేను అడిగి చూశాను.

కానీ చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిలవదు. కుట్టిన జాకెట్టు ఎవరూ తొడుక్కోకుండా కొక్కేనికి వేలాడుతున్నట్టు ఉంటుంది. మా ఆయనకు చెబితే రెండో వాక్యానికే నిద్రపోతాడు. అలాంటి నాకు కట్ట మీద ఒక మనిషి దొరికింది. పడవ మీద వేటకు పోయే ఇంటి కోడలు, చేపలు ఎండబెట్టే మనిషి, నాకంటే పదేళ్ళు చిన్నది. బస్సు బోర్డు తప్ప ఇంకేమీ చదవదు. కానీ వినడం ఆమెలాగా ఎవరూ వినలేరు. బకింగ్‌హాం కాలువను కరువుకాలంలో కూలీలు తవ్వారని ఒకరోజు చెప్పాను. ఎంత పొడవో, ఎక్కడి నుంచి ఎక్కడికో అంతా చెప్పాను. ఆమె కాసేపు నడిచి అడిగింది.

"అయితే ఆ తవ్వినోళ్ళకి కూడు ఎవురు వండి పెట్టినారక్కా?"

నేను చదివిన పుస్తకంలో అది లేదు. ఆ ప్రశ్న పట్టుకుని మళ్ళీ గురువారం గ్రంథాలయానికి పోయి ఇంకో రెండు పుస్తకాలు తిరగేశాను. ఆరేళ్ళు ఇలాగే గడిచాయి. ఆమె అడగడం, నేను వెతకడం. మా ఇద్దరిలో గురువు ఎవరో, శిష్యురాలు ఎవరో నాకు అప్పట్లో అనుమానమే లేదు.

పోయిన ఏడాది వానలు వెనకపట్టాక మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి కొత్త నర్సమ్మ వచ్చింది. నెల్లూరు మనిషి. సామానుతో పాటు రెండు సైకిళ్ళు తెచ్చుకుంది. ఒకటి తనది, ఒకటి హాస్టల్లో చదువుకునే కూతురిది. ఊళ్ళో దిగిన వారానికే తెల్లవారి కట్ట మీద సైకిలు తొక్కడం మొదలుపెట్టింది. మేము నడుస్తుంటే వెనక నుంచి బెల్లు కొట్టి, "గుడ్ మార్నింగ్ అక్కా" అని నవ్వుతూ దాటిపోయేది. నాకు మొదటి రోజే నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం అప్పుడింకా ఏమీ లేదు.

నెల తిరగకుండా కారణం దొరికింది. "అక్కా, నర్సమ్మ నాకు సైకిలు నేర్పిస్తానంటుండాది" అని నా మనిషి ఒకరోజు చెప్పింది.

"ఈ వయసులో ఎందుకు మే? పడి కాలు విరగ్గొట్టుకుంటే చేపలు ఎవరు ఎండబెడతారు?"

"పడితే ఆమె నర్సే కదా. ఆమే కట్టు కడతాది" అని నవ్వింది.

పడింది కూడా. మూడుసార్లు పడింది. నేను సరుగుడు తోపు దగ్గర నిలబడి చూశాను. నాలుగోసారి పడలేదు. నర్సమ్మ వెనక సీటు పట్టుకుని పరిగెత్తి వదిలేసింది. చీర కుచ్చిళ్ళు నడుంలోకి దోపుకుని, నోరంతా తెరిచి అరుస్తూ నా మనిషి ఐసు ఫ్యాక్టరీ వైపు పోయింది. ఆరేళ్ళలో నేను చెప్పిన దేనికీ ఆమె అంత గట్టిగా అరవలేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ సైకిళ్ళ మీద, నేను నడకన. "నువ్వు కూడా నేర్చుకోవచ్చు కదక్కా" అని ఆమె అన్నది నిజమే. అయితే సైకిళ్ళు రెండే. మూడోది ఎక్కడినుంచి వస్తుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. వాళ్ళు పక్కపక్కన తొక్కుతూ మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు. నన్ను దాటేటప్పుడు రెండు ముక్కలు చెవిన పడేవి. దాటిపోయాక నవ్వు వినపడేది. నలభై నిమిషాల నడకలో నన్ను నాలుగుసార్లు దాటేవాళ్ళు, నాలుగుసార్లూ నవ్వేవాళ్ళు. నేను లెక్కపెట్టుకునేదాన్ని.

అంతలో నర్సమ్మ జాకెట్లు కుట్టించుకోవడానికి మా ఇంటికి వచ్చింది. కొలత తీస్తుంటే మాట కలిపింది.

"మీ ఊరి పక్కన కాలువ ఉందే, దాన్ని ఇంగ్లండు రాణి పడవ షికారు కోసం తవ్వించిందంట కదక్కా. తవ్వినవాళ్ళకి ఊరూరి ఆడవాళ్ళు అంబలి కాచి పోశారంట. మీతో నడిచే ఆమె చెప్తుంటే కళ్ళకు కట్టినట్టుంది."

నా చేతిలో టేపు ఆగిపోయింది. రాణీ లేదు, షికారూ లేదు. కాలువ మాత్రం నాది. మూడు పుస్తకాలు తిరగేసి నేను తెచ్చి ఇచ్చిన కాలువను ఆమె తీసుకుపోయి ఈమెకు ఇచ్చింది, అదీ తప్పుగా. ఆ రోజు జాకెట్టు భుజాల దగ్గర అర అంగుళం బిగించి కుట్టాలనిపించింది. కుట్టలేదు. నా పని మీద నాకు గౌరవం ఉంది. ఆ అర అంగుళం వేరే చోట తీర్చుకున్నాను.

సైకిళ్ళూ నడిచేవాళ్ళూ ఒకే దోవన పోవచ్చా అన్నది ఉత్త తగువు కాదు, నిజమైన సంగతే. సెలవురోజుల్లో నెల్లూరు నుంచి హెల్మెట్లు పెట్టుకుని పదీ పదిహేను మంది సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. ఒకసారి ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఒక ముసలాయన హ్యాండిలు తగిలి ఇసకలోకి పడ్డాడు. నెత్తళ్ళు, ఆ సన్న చేపలు, ఆరబోసిన చోట చక్రాల అచ్చులు పడేవి. గ్రంథాలయానికి వచ్చే పత్రికల్లో ఈ విషయం మీద నేను చదివాను. వెడల్పు ఉన్న చోట గీత గీసి రెండు దోవలు చేస్తారు. లేని చోట ఎవరు ఎవరికి తప్పుకోవాలో ముందే చెప్పి పెడతారు. ఎనిమిది అడుగుల్లో గీత గీస్తే ఎవరికీ చాలదు. నడిచేవాళ్ళు సముద్రం వైపు చూస్తూ నడుస్తారు, వాళ్ళకు వీపున కళ్ళు ఉండవు. కాబట్టి జాగ్రత్త సైకిలు మీద ఉన్నవాళ్ళదే కావాలి. ఇందులో నేను ఇప్పటికీ ఒక్క మాట మార్చుకోను.

అర్జీ రాశాను. చేత్తో రాస్తే నా రాత ఊరంతా గుర్తుపడుతుందని తోటపల్లి గూడూరులో టైపు చేయించాను. మూడు కోరికలు. ఒకటి, మనిషి కనపడగానే బెల్లు కొట్టి నెమ్మది చెయ్యాలి. రెండు, చేపలు గానీ వలలు గానీ పరిచిన చోట సైకిలు దిగి నడిపించుకుపోవాలి. మూడు, రెండు సైకిళ్ళు ఎప్పుడూ పక్కపక్కన పోరాదు, ఒకదాని వెనక ఒకటి పోవాలి. కింద 'నడిచేవాళ్ళు' అని పెట్టించాను. పేరు పెట్టలేదు. మొదటి రెండూ ఊరి కోసం రాశాను. మూడోది ఎవరి కోసం రాశానో రాస్తున్నప్పుడే నాకు తెలుసు. మనుషులు ఒకరి వెనక ఒకరు తొక్కుతూ మాట్లాడుకోలేరు.

దాన్ని సచివాలయం పెట్టెలో వేశాను. కానీ మా ఊళ్ళో ఒడ్డు సంగతులు సచివాలయంలో తేలవు. వలలు బాగుచేసుకునే పాకలో పెద్దకాపు ముందు తేలతాయి. ఆయన చెప్పిందే కట్టుబాటు. ఏ కాగితం వచ్చినా అక్కడ అందరూ వినేట్టు చదవాలి. ఒక సాయంత్రం సచివాలయం ఉద్యోగి ఆ కాగితం తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

"ఎవురు చదవతారు?" అన్నాడు పెద్దకాపు.

"టైలరక్క ఉండాది కదా! ఆమె చదివితే రేడియో వార్తల మాదిరి ఉంటాది" అన్నారు ఎవరో.

నా కాగితం నా చేతికే వచ్చింది. కళ్ళజోడు ఇంట్లో మిషను మీద ఉండిపోయింది. ఆ సంగతి చెప్పి తప్పుకోవలసింది. కానీ పదిమంది ముందు చదవమంటే నాకు ఎక్కడలేని హుషారు వస్తుంది. చదివాను. ఎక్కడా తడబడలేదు. మూడో కోరిక దగ్గర గొంతు కాస్త పెంచాను కూడా.

మొదటి రెండింటికీ ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడోదానికి ఒక ముసలాయన లేచాడు.

"పక్కపక్కన పోతే ఏమంట? నేనూ నా ఆడమనిషీ నలభై ఏళ్ళుగా పక్కపక్కన పోతుండాము. ఎవుర్నన్నా గుద్దినామా?"

"నువ్వు యాడ పక్కన నడిచినావు?" అంది ఆయన భార్య, వల కుడుతూ తల ఎత్తకుండా. "పది బారల ముందర పోతావు. నీ వీపు చూసీ చూసీ నీ మొకమే మర్చిపోయినాను."

పాకంతా నవ్వింది. నర్సమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. లేచి కొలతలు చెప్పాను. ఒక హ్యాండిలు రెండు అడుగులు, రెండిటికి నాలుగు, మధ్యన ఒకటిన్నర, ఇక మిగిలేది రెండున్నర. అందులో ఇద్దరు ఎట్లా నడుస్తారు? పెద్దకాపు తల ఊపాడు. "కొలతతో చెప్తుండాది. అట్నే పెడదాం. మాట తప్పినోళ్ళ సైకిలు ఒక రోజు ఈ పాకలో ఉంటాది" అన్నాడు. మరునాడు మైకులో చెప్పించారు, ఐసు ఫ్యాక్టరీ గోడ మీద రాయించారు. నేను చదివిన ఆ సాయంత్రం నా మనిషి కూడా పాకలోనే ఉంది. నన్ను చూస్తూ కూర్చుంది. ఆ చూపు మెచ్చుకోలు అనుకున్నాను.

మొదటి రోజు వాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు. నర్సమ్మ ముందు, ఈమె వెనక. ఈమె ఏదో చెప్పబోతే గాలికి కొట్టుకుపోయింది. నర్సమ్మ మెడ తిప్పి "ఆఁ? ఏంటి?" అని రెండుసార్లు అడిగి ఊరుకుంది. ఆ పొద్దు నేను రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పది రోజులు పోయేసరికి నర్సమ్మ ఒక్కతే తొక్కుతోంది. ఇక నా మనిషి నా దగ్గరికి వస్తుందని ఎదురుచూశాను. చెప్పడానికి ఎన్నో సంగతులు పోగేసి పెట్టుకున్నాను. రాలేదు. పదకొండో రోజు నేనే వాళ్ళ ఇంటి ముందుకు పోయాను. ఆమె నెత్తళ్ళు పట్టా మీద పల్చగా పరుస్తోంది.

"నడకకు రావేం మే?"

"ఎందుకక్కా?"

"ఎందుకేంది? ఎప్పుడూ పోయేదే కదా."

ఆమె చేతులు దులుపుకుని నిలబడింది. "నీ కాయితం నువ్వే బాగా చదివినావు. కళ్ళజోడు లేకుండా."

నేను వంగి పట్టా అంచు సరిచేశాను.

"సూదిలో దారం ఎక్కించేదానికి నన్ను పిలిచేదానివి. మందు సీసా మింద అక్షరాలు కనపడక మీ ఆయన్ని పిలిచేదానివి. అట్టాంటి దానివి అంత సన్న అచ్చు గడగడా చదివేస్తివే. అప్పుడే తెలిసింది."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"పదిమందిలో నీ పరువు తియ్యమంటావా?"

ఆ మాటకు తల దించుకోవలసింది. దించుకోలేదు. లోపల ఉన్నది బయటికి వచ్చేసింది. "అసలు ఆమెతో అన్ని మాటలేముంటాయి మే నీకు? రోజూ అంత నవ్వేముంటది?"

"ఏముంటాయి? నువ్వు చెప్పినవే. నాకింకేం తెలుసు చెప్పేదానికి?" ఆమె గొంతు మెత్తబడలేదు. "ఆరేళ్ళు నేను విన్నాను. ఒకరు మన మాట నోరు తెరుచుకుని వింటే ఎట్టుంటాదో నీకు తెలుసు. నాకు తెలవదు. ఆ సైకిలెక్కినాక తెలిసింది. అది నీకు గిట్టలేదు."

ఆమె నా కాలువను దొంగిలించిందని అనుకున్నదాన్ని. ఆమె దగ్గర కథ ఎత్తుకుపోయే బుద్ధి లేదు. చెప్పే సుఖం ఒకటి ఉంటుందని కనిపెట్టింది, అంతే. ఆ సుఖం ఏమిటో ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అది తెలిసి కూడా నా ఓర్వలేనితనం తగ్గలేదు. ఇంకో వైపుకు తిరిగింది. ఈమె చెబుతుంటే ఎలా ఉంటుందో నర్సమ్మకు తెలుసు. నాకు తెలియదు. ఆరేళ్ళలో నువ్వొకటి చెప్పు మే అని నేను ఒక్కరోజూ అడగలేదు.

"ఇప్పుడు ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"నాకేం తెలుసు? అడిగినోళ్ళే వద్దని అడగాల. ఊరి పద్ధతి అంతే కదా."

పద్ధతి అదే. ఎవరి కోరిక మీద కట్టుబాటు పడిందో వాళ్ళే పాకలో నిలబడి కారణం చెప్పి తీయించుకోవాలి. పేరు లేని అర్జీకి మనిషి దొరకాలి. రెండు రోజులు తోచిన కారణాలన్నీ కాగితం మీద రాసి చూసుకున్నాను. పక్కపక్కన పోతే ఒకరి జాగ్రత్త ఒకరికి ఉంటుందని, విదేశాల్లో అలా కూడా ఉందని. అన్నీ చదవడానికి బాగానే ఉన్నాయి. ఒక్కటీ నిజం కాదు. చించేశాను.

సాయంత్రం పాకకు పోయి, ఆ కాగితం నాదేనని చెప్పాను.

"తెలుసులే" అంది వల కుట్టే ముసలామె.

"మూడో మాట తీసెయ్యండి" అన్నాను.

"ఎందుకు? దోవ వెడల్పయిందా?" అన్నాడు పెద్దకాపు.

"దోవ అంతే ఉండాది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటా పోతుంటే చూసి ఓర్వలేక రాసినాను."

 వెనక నుంచి ఒకతను, "ఇంత చదివి కూడానా అక్కా?" అన్నాడు.

"ఆ బీరువా దాకా ఇంకా రాలేదు నాయనా" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వించాను గానీ నా చెవులు కాలిపోతున్నాయి. నర్సమ్మ నా వైపు చూడకుండా తన చెప్పుల వైపు చూసింది. అది ఆమె మంచితనమని అర్థమై ఇంకా కష్టంగా అనిపించింది. చివరకు పెద్దకాపు ఇలా తేల్చాడు. ఎదురుగా గానీ ముందు గానీ మనిషి లేనప్పుడు పక్కపక్కన పోవచ్చు. మనిషి కనపడితే వెనక్కి తగ్గి వరసలో పోవాలి. నా అర్జీలో అలా రాసి ఉండవలసింది. ఎనిమిది అడుగుల దోవకు అంతకంటే మంచి మాట నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

పాక బయట నా మనిషి నా కోసం ఆగింది. "ఆదివారం వస్తాలే నడకకు" అంది.

"ఆదివారమే ఎందుకు?"

"ఆ రోజు ఆమె చర్చికి పోతాది కదా."

అంటే నాకు దొరికింది ఆమె లేని రోజు. వారానికి ఒకటి. వద్దనేంత రోషం నాకు ఉంటే బాగుండేది. సరే అన్నాను.

ఆదివారం ఐసు ఫ్యాక్టరీ దగ్గర బయలుదేరాం. నాలుగో బీరువా సంగతులు నాలుక చివర ఉన్నాయి. అవి మింగి, "ఈ పొద్దు నువ్వు చెప్పు మే" అన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. నాలుగడుగులు ఊరికే నడిచింది. తర్వాత మొదలుపెట్టింది. పెళ్ళయిన కొత్తలో మామ ఆమెను ఒకసారి పడవ ఎక్కించుకున్నాడట. ఒడ్డు కనపడనంత లోపలికి పోయాక, నీళ్ళు రంగు మారే చోట పడవ ఆపి, తెడ్డు నీళ్ళలో ముంచి దాని పిడి చెవికి ఆనించుకోమన్నాడట. కింద చేపల గుంపు పోతుంటే చప్పుడు వినపడుతుందట, వాన మొదలయ్యే ముందు ఆకుల మీద పడే చప్పుడులాగా. ఆమె చేతులు గాల్లో తెడ్డు పట్టుకున్నాయి. నడక ఆగిపోయింది. కళ్ళు సగం మూసుకుంది. నేను కట్ట మధ్యలో నిలబడి నోరు తెరుచుకుని వింటున్నాను. నేను చదివిన మూడు బీరువాల్లో ఇది లేదు.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాను.

"నువ్వు ఖాళీ ఇచ్చినావా?"

అడగకుండా ఉండవలసింది. ఉండలేకపోయాను. "ఆమెకు చెప్పినావా?"

"ఆఁ, ఎప్పుడో. సైకిలు నేర్చుకున్న కొత్తల్లోనే" అంది, అదేమంత సంగతి కాదన్నట్టు.

సరుగుడు తోపు ఇంకా దూరంగా ఉంది.  నాలుగడుగులు వేసి, "తర్వాత ఏమైంది?" అని అడిగాను.